తెలిసినవాని బాధ్యత
(అప్పుడప్పుడు స్టార్టు కాని బండిని గూర్చి ఒక ఆలోచన)

ధ్యానభాగములు: లేవీయకాండము 19:13, 14, నిర్గమకాండము 21:28, 29, సామెతలు 20:14, 25:19



పూర్తిగా చెడిపోయిన వస్తువు విషయములో మన మనస్సాక్షికి అంత కష్టము లేదు. విరిగిన నాగలిని మంచి నాగలి యని చెప్పి ఎవరును అమ్మలేరు. కొనువాని కన్నులే అతనికి సత్యము చెప్పును. అయితే ఇరువది మారులు చక్కగా పనిచేసి ఇరువది యొకటవ మారు మొండికెత్తు వస్తువు సంగతి వేరు. అది పనిచేయు దినములలో దాని లోపమును మరచిపోవుదుము. చెడిన దినమున దానిని తిట్టుకొందుము. అమ్మదలచినప్పుడు మాత్రము అది పనిచేసిన దినములనే జ్ఞాపకము చేసికొందుము. అప్పుడప్పుడు మాత్రమే కనబడు లోపమునకు బాధ్యుడు ఎవడు? దాని ఖర్చును ఎవడు భరింపవలెను? ఈ నెల ఈ ప్రశ్నను మన సంఘముల యెదుట ఉంచుచున్నాము.

ఇది మన ఆర్మూరు ప్రాంతమునకు దూరపు ప్రశ్న కాదు. హైదరాబాదునుండి నాగపూరునకు పోవు 44వ జాతీయ రహదారియు, నిజామాబాదునుండి జగిత్యాల వైపు పోవు 63వ జాతీయ రహదారియు మన ప్రక్కనే కలియుచున్నవి. సంక్రాంతి మొదలుకొని పసుపు త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, అమ్ముకొన్న తరువాత చేతిలో కొంత సొమ్ము ఆడును. ఆ దినములలోనే అనేకుల ఇండ్లలో ఒక పాత కారు కొనవలెనను మాట పుట్టును. గల్ఫు దేశములలో కష్టపడి వచ్చిన కుమారుడు తలిదండ్రులకొరకు కొనుటయు కలదు. క్రొత్త కారు మనలో కొద్దిమందికే అందును. తక్కినవారికి ఇద్దరు ముగ్గురి చేతులు మారి వచ్చిన బండియే గతి. ఆ బండి షోకునకు కాదు. ప్రసవ వేదన పడుచున్న కోడలిని నిజామాబాదు ఆసుపత్రికి తీసికొనిపోవుటకు, పరీక్ష వ్రాయు బిడ్డను వేళకు దించుటకు, పొరుగూరిలో మరణించినవారి యింటికి రాత్రివేళ పోవుటకు అది కావలెను. 108 బండి ఉన్నను, అది వచ్చువరకు ఆగలేని గడియలు గ్రామములలో కలవు.

అట్టి గడియలో తాళపు చెవి త్రిప్పగా బండి పలుకకపోయిన యెడల ఆ యింటివారి అవస్థ యేమి? ఆపత్కాలమున నమ్మదగని వానిని నమ్ముట నొప్పిపెట్టు పంటివంటిదనియు పట్టుతప్పు కాలివంటిదనియు సామెతల గ్రంథకర్త (25:19) చెప్పియున్నాడు. నొప్పిపెట్టు పన్నుగలవాడు ఊరకున్నంతసేపు తన పన్ను మంచిదే యనుకొనును. కొరికినప్పుడే అది బయటపడును. ఆ బండియు అట్టిదే. అవసరము లేని దినమున కదలి, అవసరమైన దినమున మానివేయును.

మొదట, ఇట్టి లోపము ఎందుకు దాగియుండునో తెలిసికొందము. తెలిసికొననివాడు మెకానిక్కును ఊరకనే నిందించును, లేక తన్ను తానే మోసపుచ్చుకొనును.

పూర్వము మోటారు బండ్లకు ముందు భాగమున ఇనుప హేండిలు పెట్టి బలముగా త్రిప్పెడివారు. హేండిలు వెనుకకు తన్ని చేతులు విరిగినవారు అనేకులు. అమెరికా దేశములో చార్లెస్ కెట్టరింగ్ అనునతడు విద్యుత్తుతో త్రిప్పు యంత్రమును సిద్ధపరచగా, 1912వ సంవత్సరపు కాడిలాక్ కార్లలో దానిని అమర్చిరి. దానినే నేడు మనము సెల్ఫ్ అనుచున్నాము. ఈ సెల్ఫ్ ఇంజనును త్రిప్పునప్పుడు 100 మొదలు 200 ఆంపియర్ల వరకు విద్యుత్తును లాగును. దీపములకు కావలసినది అందులో అతి స్వల్పము. అందుచేత, దీపములు వెలుగుచున్నవి గనుక బ్యాటరీయు తీగలును మంచివే యని చెప్పుట తప్పు. బ్యాటరీ టెర్మినల్ మీద పట్టిన తెల్లని పొడిగాని, ఇంజనునకు కట్టిన ఎర్త్ తీగ వదులుగాని, ఓము అను కొలతలో నూరవ వంతు అడ్డము కల్పించినను చాలును. 150 ఆంపియర్లు దానిగుండ పోవునప్పుడు ఒకటిన్నర వోల్టు అక్కడనే వ్యర్థమగును. పండ్రెండు వోల్టుల బండికి ఇది చిన్న నష్టము కాదు.

ఈ అడ్డము ఎల్లప్పుడును ఒకటే రీతిగా ఉండదు. గుంతలో చక్రము పడి తీగ కదలిన యెడల మరల బిగుసుకొనవచ్చును. సెల్ఫ్‌లోని కార్బను బ్రష్షులు అరిగినప్పుడు ఒకచోట అంటుకొని, మరియొకచోట అంటక పోవును. మన యెండకాలపు వేడిమికి ఇంజను తిరుగుడును కనిపెట్టు సెన్సారు పనిమాని, అరగంట నీడలో ఆగిన తరువాత యేమియు జరుగనట్లు మరల పనిచేయవచ్చును. పెరటిలో నిలిపిన బండి తీగలను ఎలుకలు కొరికి, సగము తెగిన తీగ ఒకనాడు కలిసి మరునాడు విడిపోవుటయు కలదు. కనుకనే దారిలో మొండికెత్తిన బండి షెడ్డునకు చేరగానే బుద్ధిమంతునివలె స్టార్టగును. మెకానిక్కు నవ్వి, “మంచిగనే ఉంది గదా పటేలా, ఏమి చూడమంటవు?” అనును. అతడు అబద్ధమాడలేదు. ఆ గడియకు బండి నిజముగా మంచిగనే యున్నది.

ఇచ్చట ఒక చిన్న లెక్క వేసి చూడుడి. పది మారులలో ఒక మారు స్టార్టు కాని బండి యొకటి యున్నదనుకొందము. దానిని ఎవరును బాగుచేయలేదు. అయినను అది వరుసగా ఐదు మారులు స్టార్టు అగుటకు నూటికి 59 పాళ్లు అవకాశమున్నది. వరుసగా పది మారులు స్టార్టు అగుటకు 35 పాళ్లు. ముప్పది మారులకైతే 4 పాళ్లే. దీనినిబట్టి రెండు సంగతులు తేలుచున్నవి. బాగుచేయించిన తరువాత నాలుగు దినములు చక్కగా నడిచినంత మాత్రమున రోగము కుదిరెనని చెప్పరాదు. అట్లే, కొనవచ్చినవాడు రెండు మూడు మారులు తాళము త్రిప్పి చూచినంత మాత్రమున అతనికి బండి గుణము తెలియదు. మన పసుపు వ్యాపారి ఒక కొమ్మును తీసి విరిచి చూచును. బాగుగా ఎండిన కొమ్ము లోహమువలె ఖణుమని పలుకును, తడి మిగిలినది పలుకదు. డ్రమ్ములో పాలిషు పట్టి పై మెరుపు తెచ్చినను, విరిచినప్పుడు లోపలి తడి బయటపడును. కారును అట్లు విరిచి చూచుట కుదరదు. దాని సంగతి తెలియవలెనన్న, కొంతకాలము దానితో కాపురము చేసిన యజమానుని నోటనే తెలియవలెను.

రెండవ సంగతి, వెదకువాని కూలి.

కనబడని లోపమును వెదకుట మార్చుట కంటె కష్టమైన పని. అయినను మనలో అనేకులు వెదకినందుకు సొమ్ము ఇయ్యరు. “ఏ సామానూ మార్చలేదు గదా అన్నా, పైసలు దేనికి?” అని అడుగుదురు. మెకానిక్కు ఒక పూటంతయు క్రింద పండుకొని, తీగ తీగను పట్టి చూచి, చివరకు ఒక బోల్టు బిగించి, తుప్పు గీకి లోపమును పోగొట్టెననుకొనుడి. మనము అతనికి చాయ్ ఖర్చులకు మాత్రమిచ్చి పంపుదుము. మరియొకడు ఏమియు చూడకుండ క్రొత్త బ్యాటరీ వేసిన యెడల, వేల రూపాయలు మారు మాటాడక ఇత్తుము. ఇట్లు చేసి మనమే మెకానిక్కులకు ఒక చెడు పాఠము నేర్పుచున్నాము. వెదకినవాడు పస్తుండి, ఊరక మార్చినవాడు బాగుపడుచుండగా, రేపు ఎవడు వెదకును? కూలివాని కూలి తెల్లవారువరకు నీయొద్ద ఉంచుకొనరాదని లేవీయకాండము 19:13 ఆజ్ఞాపించుచున్నది. ఆ కూలి చేతులకు మాత్రమే గాక కన్నులకును చెవులకును ఓర్పునకును చెల్లవలసినది.

మెకానిక్కు పని చేయుచున్న మన యౌవనులకును ఒక మాట. తెలియనప్పుడు తెలియదని చెప్పుట అవమానము కాదు. పరీక్షింపకుండ ఒక సామాను తరువాత ఒక సామాను మార్చుచు, యజమానుని జేబుతో ప్రయోగము చేయుట న్యాయము కాదు. కొలుచుటకు చిన్న మీటరు చాలును. రాత్రి యంతయు ఆగియున్న మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపవలెను. ఇంజను నడుచుచుండగా 14కు దరిదాపున ఉండవలెను. సెల్ఫ్ త్రిప్పుచుండగా 10కి మిక్కిలి దిగువకు పడిపోరాదు. మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ మీదను, రెండవ కొనను ఇంజను ఇనుము మీదను ఉంచి సెల్ఫ్ త్రిప్పించినప్పుడు అర వోల్టును మించి చూపిన యెడల ఎర్త్ తీగను అనుమానింపవలెను. ఒక మారు ఒక్క సామానునే మార్చవలెను; రెండు మార్చిన యెడల ఏది దోషియో ఎన్నటికిని తెలియదు. తీసిన పాత సామానును యజమానుని చేతికియ్యవలెను.

యజమానుడు చేయవలసినదియు కలదు. కారులో ఒక చిన్న నోటు పుస్తకము ఉంచుకొనుడి. మొండికెత్తిన ప్రతి మారును తేదీ, వేళ, ఇంజను చల్లగా ఉన్నదో వేడిగా ఉన్నదో, ఏ శబ్దము వచ్చినదో వ్రాయుడి. శబ్దము లేక దీపములు మసకబారినవా? టక్కుమని ఒక శబ్దము వచ్చి ఆగినదా? ఇంజను తిరిగియు అందుకొనలేదా? మొదటి దానికి బ్యాటరీవైపు వెదకుదురు. రెండవదానికి బ్యాటరీ బలమును, సెల్ఫ్‌ను, దాని తీగలను చూతురు. మూడవదానికి పెట్రోలు, సెన్సారుల వైపు చూతురు. ఈ నాలుగు పంక్తులు మెకానిక్కునకు ఒక పూట వెదకులాటను తగ్గించును. గోపురము కట్టువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనవలెనని ప్రభువు చెప్పిన మాట (లూకా 14:28) ఇచ్చటను వర్తించును. “అన్నా, వెదకుటకు ఇంతవరకు ఇస్తాను. దానిలో దొరకకపోతే ఆపి నాకు చెప్పు,” అని ముందుగా మాటాడుకొనుట ఇద్దరికిని మేలు.

ఇక మూడవది, అన్నిటికంటె బరువైనది. అమ్మువాని మౌనము.

రెండు మూడు మారులు ఖర్చు పెట్టియు లోపము దొరకనప్పుడు యజమానుడు విసిగి, “ఎట్లయిన వదిలించుకొందము,” అనును. కొనువాడు వచ్చు దినమున బండి చక్కగా స్టార్టగును. కొనువాడు అడుగడు, అమ్మువాడు చెప్పడు. అబద్ధము ఒక్కటియు ఆడలేదు గనుక అతని మనస్సు నెమ్మదిగా ఉండును. ఇది పాపమా?

మన దేశపు చట్టము ఈ ప్రశ్నను ఎప్పుడో ఎత్తినది. 1872వ సంవత్సరపు భారత ఒప్పందముల చట్టము 17వ సెక్షనులో ఒక గుఱ్ఱపు ఉదాహరణము కలదు. ఒకడు వేలములో తన గుఱ్ఱమును అమ్మును. దానికి లోపమున్నదని అతనికి తెలియును, కాని చెప్పడు. ఇది మోసము కాదని చట్టము చెప్పుచున్నది. ఆ వెంటనే రెండవ ఉదాహరణము వచ్చును. కొనునది అమ్మువాని కుమార్తెయై, అప్పుడే యుక్తవయస్సు వచ్చినదైన యెడల, వారి సంబంధమునుబట్టి లోపమును చెప్పుట అతని విధి. మూడవదానిలో కొనువాడు, నీవు కాదనకపోయిన యెడల గుఱ్ఱము మంచిదే యనుకొందునని అమ్మువానితో చెప్పును. అమ్మువాడు పలుకడు. అప్పుడు ఆ మౌనము మాటతో సమానము.

ప్రియులారా, గుఱ్ఱము ఒక్కటే, లోపము ఒక్కటే, మౌనమును ఒక్కటే. కొనువాడు అన్యుడైనప్పుడు మోసము కానిది, కుమార్తె యైనప్పుడు విధి తప్పుట యగుచున్నది. చట్టమును మేము తప్పు పట్టుటలేదు. న్యాయస్థానము ప్రతివాని హృదయమును శోధింపలేదు గనుక ఎక్కడనో ఒక గీత గీయక తప్పదు. అయితే ఆ గీతకు బయట నిలువబడినవాడు మనకు ఎవడు? నా పొరుగువాడెవడని ధర్మశాస్త్రోపదేశకుడు అడిగినప్పుడు మంచి సమరయుని కథ చెప్పబడినది (లూకా 10). దారిలో పడియున్నవాడు సమరయునికి చుట్టము కాదు, ఊరివాడును కాదు. ఆ కథ విన్నవాడు బాల్కొండనుండి కారు కొనవచ్చిన అపరిచితుని తన కుమార్తె స్థానములో నిలిపి చూడవలసినదే. ఈ కారును నా బిడ్డకే ఇచ్చుచున్న యెడల తాళపు చెవితోబాటు ఏ మాట చెప్పి యిత్తును? ఆ మాట కొనువానికిని చెల్లవలెను.

గ్రుడ్డివాని యెదుట అడ్డము వేయరాదని లేవీయకాండము 19:14 చెప్పుచున్నది. కూలిని గూర్చిన ఆజ్ఞకు ప్రక్కనే ఇది యుండుట గమనింపుడి. ఐదు మారులు తాళము త్రిప్పి చూచినను గుణము తెలియని బండి విషయములో, కొనువాడు మంచి కన్నులుండియు గ్రుడ్డివాడే. అడ్డము ఎచ్చట ఉన్నదో అమ్మువానికి తెలియును.

నిర్గమకాండము 21:28, 29లో పొడుచు ఎద్దును గూర్చిన విధి మరింత స్పష్టము. ఎద్దు మొదటి మారు ఒకని పొడిచి చంపిన యెడల దాని యజమానుడు నిర్దోషి. అది అంతకుముందే పొడుచు స్వభావము గలదై, ఆ సంగతి అతనికి తెలియజేయబడియు అతడు దానిని కట్టివేయక పోయినయెడల, ప్రాణనష్టమునకు అతడే బాధ్యుడు. ఎద్దులో భేదము లేదు. యజమానుని తెలివిడిలోనే భేదమున్నది. ఆ ఎద్దు దినమెల్ల పొడుచునది కాదు. అనేక దినములు సాధువుగా మేతమేసి, ఒకనాడు పొడుచును. “రోజూ పొడవదు గదా,” అను సాకును ధర్మశాస్త్రము అంగీకరింపలేదు.

ఈ కాలములోనే దీనికి భయంకరమైన దృష్టాంతము కలదు. అమెరికాలోని జనరల్ మోటార్స్ కంపెనీ 2014వ సంవత్సరములో తాళపు స్విచ్చి లోపముచేత సుమారు 26 లక్షల కార్లను వెనుకకు పిలిపించినది. ఆ స్విచ్చి మెత్తనిదగుటవలన, గతుకునకుగాని, తాళపు గుత్తి బరువునకుగాని నడుచుచున్న కారులో తాళము దానంతట అదే వెనుకకు తిరిగెడిది. ఇంజను ఆగును, స్టీరింగు బరువెక్కును, గుద్దుకొన్నప్పుడు ప్రాణము కాపాడవలసిన గాలిసంచి విచ్చుకొనదు. ఇది ప్రతి కారులోను ప్రతి దినమును జరుగలేదు. కంపెనీలో కొందరికి అనేక సంవత్సరములు ముందుగానే ఈ లోపము తెలియును. తాళపు గుత్తిలోని బరువైన వస్తువులను తీసివేయుడని కొనినవారికి చెప్పవలసినదిగా 2005లో డీలర్లకు సలహా పంపిరి. 2006 ప్రాంతమున స్విచ్చిని మార్చిరి గాని దాని నంబరును మార్చలేదు. అందుచేత పాతదేదో క్రొత్తదేదో వెదకువారికి తెలియకపోయినది. తరువాత కంపెనీ ఏర్పరచిన పరిహార నిధి 124 మరణములను అంగీకరించినది. 2015లో ప్రభుత్వమునకు 90 కోట్ల డాలర్లు చెల్లించుటకు కంపెనీ ఒప్పుకొన్నది. ఒక చిన్న స్విచ్చియు, దానిని గూర్చిన మౌనమును ఇంతవరకు తెచ్చినవి.

ఇప్పుడు మన సంఘములలో వినబడు ప్రత్యుత్తరములను చూతము. ఇవి దుర్మార్గుల మాటలు కావు, కష్టములో ఉన్నవారి మాటలు. కాబట్టి తేలికగా త్రోసివేయకూడదు.

ఒకడు చెప్పును, “అయ్యగారూ, నేను అప్పుచేసి కొన్నాను. నాకు అమ్మినవాడు నాకు చెప్పలేదు. నేను చెప్తే ధర పడిపోతుంది. ఆ నష్టము నేనే ఎందుకు మోయాలె?” ఇతని బాధ నిజమైనది. అతనికి అన్యాయము జరిగినదనుటయు నిజమే. అయితే ఒక సంగతి విడదీసి చూడవలెను. నిజము చెప్పుటవలన నష్టము పుట్టలేదు. లోపము పుట్టిన దినముననే నష్టము పుట్టినది. మౌనము ఆ నష్టమును తీసివేయదు, మరియొకని యింటికి పంపును. అంతేగాక దానిని పెంచి పంపును. పాత యజమానునికి ఆ బండి అలవాట్లు తెలియును. వేడిగా ఉన్నప్పుడు ఆపకూడదనియు, ఒక పావుగంట ఆగిన యెడల మరల స్టార్టగుననియు, అర్ధరాత్రి ప్రయాణమునకు దానిని నమ్మరాదనియు తెలియును. క్రొత్తవానికి ఇదేమియు తెలియదు. ఆ రాత్రి అతని కోడలు బండిలో ఉండవచ్చును.

మెథడిస్టు సంఘ స్థాపకుడైన జాన్ వెస్లీ ధనమును ఉపయోగించుటను గూర్చి ప్రసంగించుచు, సంపాదించగలిగినంత సంపాదించుటకు సెలవిచ్చెను. కాని పొరుగువాని శరీరమునకుగాని, ఆస్తికిగాని, ఆత్మకుగాని హాని చేసి కాదని హద్దు గీచెను. ఈ జిల్లాకు సువార్త తెచ్చినది వెస్లియను మిషనువారే. ఆ హద్దును మన పెద్దలు ఎరిగియే యుందురు.

మరియొకడు అనును, “అందరూ అట్లనే అమ్ముతున్నరు.” జార్జి అకర్లాఫ్ అను అర్థశాస్త్రవేత్త 1970లో పాత కార్ల బజారును గూర్చియే ఒక వ్యాసము వ్రాసెను. అతనికి 2001లో నోబెల్ బహుమానము ఇచ్చినప్పుడు ఆ వ్యాసము ముఖ్యముగా ఎన్నబడినది. అతడు చూపినది ఇది. మంచి బండి ఏదో చెడ్డది ఏదో కొనువానికి తెలియనప్పుడు, అతడు అన్నిటికిని తక్కువ ధరయే చెప్పును. అప్పుడు మంచి బండి గలవాడు ఆ ధరకు అమ్మక బజారు విడిచిపోవును. చివరకు చెడ్డవే మిగులును. అనగా అందరును మౌనముగా అమ్ము ఊరిలో, నమ్మకముగా వాడుకొన్నవానికిని న్యాయమైన ధర దొరకదు. ఒకని మౌనము ఊరందరి మాటకు విలువ తగ్గించును.

మూడవవాడు అనును, “దళారికి చెప్పినాను. అతడు చెప్పకపోతే నా తప్పా?” దళారికి చెప్పుట మంచిదే. కాని అతడు చెప్పడని ముందుగానే ఎరిగి, అందుకొరకే అతనియొద్దకు పోయిన యెడల, మన మౌనమును అతనిచేత చేయించితిమి. తెలిసిన సంగతిని ఒక కాగితము మీద వ్రాసి, బండి కాగితములతో కలిపి ఇచ్చుట మేలు.

నాల్గవవాని సంశయము సున్నితమైనది. “ఎర్త్ తీగ బాగుచేయించిన తరువాత మళ్ళీ రాలేదు. పోయిందో లేదో నాకే తెలియదు. తెలియనిదానిని ఎట్లు చెప్పుదును?” ఇతడు తన బండిని తానే నిందించుకొని అమ్మనక్కరలేదు. అవును అవుననియు, కాదు కాదనియు ఉండవలెనన్న ఉపదేశము (మత్తయి 5:37) తెలిసినంతవరకే చెప్పుమనుచున్నది, దానికంటె తక్కువయు వద్దు, ఎక్కువయు వద్దు. “ఉగాదికి ముందు మూడు సార్లు స్టార్టు కాలేదు. ఎర్త్ తీగ మార్పించినాను. అప్పటినుండి రెండు నెలలు రాలేదు. మెకానిక్కు ఫలానా చోట ఉన్నాడు, అడగండి.” ఇంతే చాలును. నోటు పుస్తకము ఉంచుకొన్నవానికి ఈ మాట చెప్పుట సులువు. అట్టి పుస్తకమును చూచి ధైర్యపడి కొనువారును కలరు. లోపము చెప్పినవాడు మంచి సంగతి చెప్పినప్పుడు అతని మాట నమ్మదగియుండును.

కొనువారికిని బాధ్యత యున్నది. కొనువాడు ఇది పనికిరాదు, పనికిరాదని చెప్పి, కొని వెళ్లిన తరువాత అతిశయపడునని సామెతలు 20:14 హెచ్చరించుచున్నది. అమ్మువాడు నిజము చెప్పినప్పుడు, దానిని అవకాశముగా చేసికొని లోపమునకు తగినదానికంటె పదింతలు ధర తగ్గించి బేరమాడినయెడల, రెండవ మారు అతడు నోరు విప్పునా? నిజము చెప్పినవానిని శిక్షించువాడు అబద్ధమును పెంచువాడే. మరియు కొనువాడు ఊరకుండక అడుగవలెను. “ఎన్నడైనా స్టార్టు కాక ఆగిందా అన్నా? ఆగలేదంటేనే కొంటాను,” అని నలుగురి యెదుట అడుగుడి. అట్లడిగిన తరువాత అమ్మువాని మౌనము చట్టము యెదుటను మాటయే యగునని పైన చూచితిమి.

మోసపోయి కొనినవాడు మన సంఘములో ఉన్న యెడల మనమేమి చేయుదుము? సాధారణముగా, “చూచుకొని కొనవద్దా?” అని నవ్వుదుము. అంతకంటె అతనితో ఒక పూట షెడ్డునకు పోయి నిలుచుట, పనిదెలిసిన యౌవనుడు మీటరు పట్టి చూచుట, అత్యవసర రాత్రులలో మరియొకరి బండి అతని వాకిట నిలిపియుంచుట ఎంతో మేలు. అట్లు తోడు దొరికినవానికి ఆ బండిని మౌనముగా వేరొకనికి అంటగట్టవలెనను శోధన తగ్గును. ఒంటరిగా నష్టము మోయువానికి నీతి బరువుగా తోచును. సంఘము బరువులో కొంత పట్టినప్పుడు అతడు నిజము చెప్పుటకు ధైర్యము తెచ్చుకొనును.

ఈ పంట అమ్మకముల దినములలో పాత కారుగాని, ట్రాక్టరుగాని, మోటారు సైకిలుగాని, బోరు మోటారుగాని కొనువారును అమ్మువారును మనలో అనేకులుందురు. కుటుంబ ప్రార్థనలో పై ధ్యానభాగములను చదివి ఈ మూడు ప్రశ్నలను అడుగుకొనుడి. వెదకిన మెకానిక్కునకు మనము చెల్లింపవలసినది ఏమైన మిగిలియున్నదా? మన యింటిలో అమ్మదలచిన వస్తువును గూర్చి మనకు తెలిసి, కొనువానికి తెలియనిది ఏమున్నది? ఇదివరకు అమ్మిన వస్తువు విషయములో, ఆలస్యముగానైనను ఇప్పుడు ఫోను చేసి చెప్పదగిన మాట ఏదైన కలదా? మూడవ ప్రశ్నకు జవాబు కలిగిన యెడల, ఈ పత్రికను ప్రక్కన ఉంచి ముందు ఆ ఫోను చేయుడి. ఆ బండిలో ఎవరు ఎప్పుడు ప్రయాణమగుదురో మనకు తెలియదు.